సున్న గట్టు దాటిన చెయ్యి

చుట్టు 611. చెయ్యి 20లో.

పొద్దున్నుంచీ పడమటి గాలి. బూడిద లేదు, ఇసుకే. ఎండ తెల్లగా ఉంది. కంబం మెడకు గ్రీజు పెట్టాను. చేతి కొసన మూతల్లో ఇసుక గడ్డకడితే పుల్లతో గీరి తీశాను. రెండో మోటారు మూలుగుతోందని విప్పి చూశాను. బేరింగ్ బాగానే ఉంది. బోల్టు వదులైంది. బిగించాను.

దస్తగిరి మామ కంబం నీడలో కూర్చుని సంకటి తింటున్నాడు. ఈ కంబానికి పెద్ద ఆయనే. మెడ లోపల దూరడానికి సన్నటి మనిషి కావాలని చిన్నప్పుడే నన్ను పనిలో పెట్టుకుని, ప్రోగ్రామ్ చదవడం, రాయడం ఆయనే నేర్పాడు.

"కూడలిలో నిన్ను పిలుస్తాండారు నాంచారీ. చెయ్యి తొంభై దాటినాక రమ్మన్యారు."

"ఏం పని మామా?"

"నీకు తెల్దా? దాన్ని వెనక్కి తిరక్కుండా చేయాలంట."

చెయ్యి అంటే ఈ గొట్టమే. ఒక కొస కంబానికి, రెండో కొస చక్రాల మీద. భూమి అడుగున పారే ఏటి నుంచి కంబం నీళ్ళు లాగుతుంది, చెయ్యి వాటిని చుట్టూ ఉన్న పొలాలకు పంచుతుంది. ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది కాబట్టి పొద్దు కూడా దాన్ని చూసే చెప్పుకుంటాం. చుట్టూ నేలకు సున్న నుంచి 359 దాకా అంకెలు వేశారు; అవన్నీ ఒకసారి తిరిగితే ఒక చుట్టు, కొన్ని రోజుల పని. సున్న దగ్గర బయలుదేరి, ఒక్కో పొలం చెక్క మీద ఆగి తడిపి, చివర 359లో పశువుల గుంట నింపి నిలబడుతుంది. అక్కణ్ణుంచి సున్నకు ఒక్క గట్టే అడ్డం. దాటితే మళ్ళీ మొదలు పెట్టవచ్చు. దాటదు. పూర్వం ప్రోగ్రామ్ రాసినవాళ్ళు దానికి తీసివేత ఒక్కటే నేర్పారు. పోవలసిన అంకెలోంచి ఉన్న అంకె తీసేస్తుంది. సున్నలోంచి 359 తీసేస్తే దానికి కనిపించేది వెనక్కి 359. అందుకని వచ్చిన దారినే మొత్తం వెనక్కి పోతుంది. ఒక పగలంతా దానికే సరి.

అంత దూరం బరువు మోయలేదని 359లో మూతలు తెరిచి వదులుతాం. గొట్టంలో మిగిలిన నీళ్ళు దారి పొడవునా జారుతూ పోతాయి. అవి పడేది మా మీద.

మేం కడ చెక్క వాళ్ళం. 330 నుంచి 358 దాకా ఉన్న రాతి నేల మాది. ఆరిళ్ళు. సముద్రం లంకల్లోకి వచ్చినప్పుడు మా అమ్మానాన్నలు నడిచి ఇక్కడికి వచ్చేసరికి మంచి అంకెలన్నీ అయిపోయాయి. మా మీద చెయ్యి ఆగదు. జారు నీళ్ళు పడిన చోటు వాళ్ళవే అన్నది మాత్రం ఇక్కడి ఆనవాయితీ. ఇన్నేళ్ళూ దాని మీదే బతికాం.

చుట్టు 611. చెయ్యి 95లో.

కూడలిలో రేకుల కింద ముప్పై మంది దాకా ఉన్నారు. మొదటి చెక్కల తరఫున మాట్లాడేది కేశవులు. మా తరఫున మా అన్నయ్య తాతారావు.

"చెయ్యి ఒక పగలంతా ఊరికే తిరుగుతాండాది. ఆ పగలు మిగిల్తే ఎన్ని మళ్ళు తడుస్తాయో లెక్క చూసుకోండి," అన్నాడు కేశవులు. నా వైపు తిరిగి, "ఏమ్మే, నీ చేత అవుతాదా కాదా?" అన్నాడు.

"అవుతుంది. అది వెనక్కి తిరక్కపోతే మాకు జారు నీళ్ళు ఉండవు."

వెనక నుంచి ఎవరో, "కారే నీళ్ళకు కూడా కావలి పెట్టినారప్పా వీళ్ళు," అన్నారు. నవ్వారు.

అన్నయ్య లేచాడు. వాళ్ళ నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు.

"కారేవి పట్టుకుని బతికింది చాలు," అన్నాడు. "జారు నీళ్ళు వదులుకుంటాం. మీ పగలు మీరు మిగుల్చుకోండి. బదులుగా చెయ్యి మా మీద ఆగాలి. 345లో. మీ మీద ఎంతసేపు ఆగుతుందో అంతసేపూ."

మా వాళ్ళలో ఎవరూ ఆ రేకుల కింద అంత గట్టిగా అడగడం నేను వినలేదు. మా నాన్న అక్కడికి వెళ్తే గుమ్మం దగ్గరే కూర్చునేవాడు.

కేశవులు అన్నయ్యను కాసేపు చూసి, "సరే. వచ్చే చుట్టుకు గట్టు తడుపుదాం," అన్నాడు. బేరమాడలేదు. నాకు సంతోషమేసింది.

ఇంటికి వచ్చేసరికి పెద్దింట్లు అత్త వాకిట్లో చేటలో రాళ్ళు ఏరుతోంది. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. అందరూ కొర్ర, రాగి వేసుకుంటుంటే ఆమె ఒక్కతే వరి వేస్తుంది. లంక నుంచి నడిచి వచ్చినప్పుడు నడుముకు కట్టుకుని తెచ్చిన విత్తనం అది. ఏటేటా మంచమంత మడిలో, జారు నీళ్ళను మట్టి కట్ట వేసి నిలబెట్టి, ఒక కుండెడు వడ్లు తీస్తుంది. తినడానికి కాదు, విత్తనం చచ్చిపోకుండా. ఏటా సగం చల్లి సగం దాస్తుంది. ఎప్పుడైనా పండుతుందా అని అడిగితే, "పండకపోతే పోయె, ఉండనీ," అంటుంది.

"ఆగుతుందంటే నిజంగా ఆగుతుందా?" అంది.

"ఆగుతుంది అత్తా. ఆపేది నేనే కదా."

చుట్టు 612. చెయ్యి 10లో.

గాలి తగ్గింది. ఎండతో కరెంటు చేసే పలకల మీద దుమ్ము తుడిచాను. గట్టు తడిపారు.

ఇక్కడ మాట ఇచ్చుకుంటే రాసుకోరు. మాట్లాడే ఇద్దరూ తమ తమ చెక్కల నీళ్ళు చెంబులో తెచ్చి సున్న గట్టు మీద చెరో పక్క నుంచి పోస్తారు. రెండు తడులూ కలిసిన చోట మట్టి తీసి అరచేతికి రాసుకుంటారు. ఎవరి చెక్క నీళ్ళు పడితే ఆ చెక్క మొత్తం ఆ మాటలో ఉన్నట్టు. ఆ తర్వాత తప్పితే అతనితో ఎవరూ నీళ్ళు కలపరు.

అన్నయ్య ఖాళీ చెంబుతో నేరుగా కంబం దగ్గరికి వచ్చాడు.

"ఇంట్లో కుండ అడుగంటింది చెల్లాయ్. పిల్లలకి తాగడానికే లేవు. ఇక్కడ పట్టియ్యి."

"మన నీళ్ళే పోయాలేమో."

"కంబం నీళ్ళు అందరివీ కావేంటే? మన చెక్కలోకి వచ్చేవీ ఇవేగా. తొందరగా పట్టు, వాళ్ళు నిలబడి ఉన్నారు."

కుళాయి తిప్పి నింపి ఇచ్చాను. దస్తగిరి మామ రెంచి చేతిలో పట్టుకుని చూశాడు. ఏదో అనబోయినట్టుంది. మళ్ళీ పనిలో పడ్డాడు.

కేశవులు, అన్నయ్య ఎదురెదురుగా వంగి పోశారు. మట్టి రాసుకున్నారు. మా వాళ్ళు ఆరిళ్ళ వాళ్ళూ వచ్చి చూశారు. పెద్దింట్లు అత్త గట్టు దగ్గర తడి మట్టి చిటికెడు తీసి చెంగున ముడేసుకుంది.

"అదెందుకే?" అంది పక్కావిడ.

"మొదటిసారి కదా మనం పోయించింది. ఉండనీ."

చుట్టు 613. చెయ్యి 140లో.

మబ్బు పట్టినట్టుంది, మబ్బు కాదు, దుమ్ము. పని కంబం లోపలే.

ప్రోగ్రామ్ ముట్టుకునే ముందు జల్లెడ మీద చూసుకున్నాను. జల్లెడ అంచు చుట్టూ బొగ్గుతో అంకెలు వేసి, మధ్యలో చీపురుపుల్ల గుచ్చి, చేత్తో తిప్పుతూ లెక్క చూశాను. సంగతి చిన్నదే. తీసివేత చేశాక వచ్చిన తేడా 180 కన్నా ఎక్కువైతే దానిలోంచి 360 తీసేయాలి. వెనక్కి 180 కన్నా ఎక్కువైతే 360 కలపాలి. 359 నుంచి సున్నకు పాత లెక్కలో వెనక్కి 359. దానికి 360 కలిపితే ముందుకు ఒకటి. ఒకే ఒకటి. సరిగ్గా 180 వస్తే ఎటైనా ఒకటే కాబట్టి ఎప్పుడూ ముందుకే పొమ్మన్నాను.

మెడలో తీగలు కడియం మీద జారతాయి కాబట్టి ఎన్ని చుట్లు తిరిగినా మెలిపడవు. అది ముందే చూశాను.

అన్నయ్య, ఇంకో నలుగురు కలిసి గట్టు మీద చక్రం పోయే మేర చదును చేశారు. అడ్డంగా ఉన్న ఇనుప మొద్దును కోసేశారు. అన్నయ్య అందరికన్నా ఎక్కువ పని చేశాడు. మధ్యాహ్నం నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

"నీ వల్లే అయ్యింది చెల్లాయ్," అన్నాడు.

"ఇంకా కాలేదు."

"అవుతుందిలే. నువ్వు పట్టుకుంటే వదలవు."

చుట్టు 613. చెయ్యి 359లో, తర్వాత ఎక్కడో చెప్పలేను.

అందరూ చూడటానికి వచ్చారు. చెయ్యి గుంట నింపింది. మూతలు తెరవలేదు. గట్టు బాగా దాటేలా పన్నెండుకు పొమ్మన్నాను. కదిలింది. కొస చక్రం గట్టు ఎక్కింది. అక్కడ ఒక్కసారి ఉలిక్కిపడినట్టు ఆగి, వెనక్కి పోయింది. మళ్ళీ ముందుకు వచ్చింది. గట్టు ఎక్కుతుంది, వెనక్కి పోతుంది.

"అత్తగారింటికి పోయేదానికి సిగ్గుపడతాండాది," అన్నారెవరో.

"సున్నలో ఏముండాదో దానికి తెలుసు. కేశవులు ఇల్లుండాది."

కేశవులు కూడా నవ్వాడు. నేను మోటారు ఆపేశాను. మెడ దాకా ఎక్కి దిగేసరికి చేతులు కాలాయి.

కారణం దొరకడానికి సాయంత్రమయ్యింది. చెయ్యి ఎక్కడుందో చూడటానికి మెడకు అటొక సెన్సర్, ఇటొక సెన్సర్ ఉన్నాయి. మేం కళ్ళు అంటాం. రెండూ చెప్పిన అంకెలు కూడి సగం చేస్తుంది ప్రోగ్రామ్. మిగతా అన్నిచోట్లా అది సరిపోయింది. గట్టు మీద మాత్రం ఒక కన్ను 359 అంటుంది, రెండో కన్ను 1 అంటుంది. కూడి సగం చేస్తే 180. గట్టు మీద నిలబడి, తాను సరిగ్గా ఎదురు దిక్కులో ఉన్నానని అనుకుంటోంది చెయ్యి. ఇన్నేళ్ళూ గట్టు దాటలేదు కాబట్టి ఈ తప్పు ఎవరికీ కనపడలేదు.

చుట్టు 614. చెయ్యి 0లో, నిజంగానే.

ఎండ. పొద్దున్నే సరిచేశాను. రెండు కళ్ళ అంకెలూ కూడకూడదు. మొదటి కన్ను నుంచి రెండో కన్ను ఎంత దూరమో కొత్త తీసివేతతో చూసి, అందులో సగం మొదటిదానికి కలపాలి. 359 నుంచి ఒకటికి దూరం రెండు. సగం ఒకటి. కలిపితే 360. అంటే సున్న.

చెయ్యి గట్టు ఎక్కింది, దిగింది. ఆగలేదు. అరుపులు వినిపించాయి. దస్తగిరి మామ తలపాగా తీసి మొహం తుడుచుకుని, "ఇన్నేండ్లు వెనక్కి నడిపించినా దీన్ని," అన్నాడు.

ప్రోగ్రామ్‌లో 345లో ఆగే వరస కూడా అప్పుడే రాశాను. మామ ఎదురుగానే రాశాను. ఆయన చూసి తల ఊపాడు.

చుట్టు 614. చెయ్యి 345లో.

ఆగింది.

మూతలు తెరుచుకున్నాయి. కారడం కాదు, పడటం. నేల మీద పడిన శబ్దం మా వాళ్ళకు కొత్త. కోళ్ళు అరుస్తూ ఇళ్ళలోకి పరిగెత్తాయి. పక్కింటి వెంకాయమ్మ వదిన నెత్తి మీద గుడ్డ తీసేసి అలాగే నిలబడింది. అన్నయ్య కనపడలేదు. గట్టు పని మిగిలిందని వెళ్ళాడట.

పెద్దింట్లు అత్త మడి ఈసారి మంచమంత కాదు, రెండు గదులంత చేసింది. నడుం పట్టుకుని లేచి విత్తనం కుండ తెచ్చింది.

"నాంచారీ. సగం దాయనా, అంతా చల్లేయనా?"

"నీ ఇష్టం అత్తా."

"నా ఇష్టం కాదు. నీళ్ళ సంగతి నీకు తెలుసు. చెప్పు."

ఎదురుగా నీళ్ళు మడిలో నిలబడి ఉన్నాయి. వరస నేనే రాశాను.

"చల్లేయి," అన్నాను.

కుండ బోర్లించి అడుగున చేత్తో తట్టి మరీ చల్లింది.

చుట్టు 616. చెయ్యి 10లో.

వడగాలి. వెనక్కి తిరగడం లేదు కాబట్టి చుట్టు పొట్టిదయ్యింది. కిందటి చుట్టు కూడా 345లో ఆగింది. నారు మొలిచింది. నిన్న చూశాను. వేలెడు కూడా లేదు. అత్త కాకుల్ని తోలుతూ గట్టు మీదే కూర్చుంటోంది.

కంబం పని లేదు. మామ నన్ను పలకలు తుడవమని పంపాడు. అవి మొన్ననే తుడిచాను.

చుట్టు 616. చెయ్యి 359లో.

345లో ఆగలేదు.

నేను కడ చెక్కలోనే ఉన్నాను. గొట్టం నిండుగా, మూతలు బిగించి, మా మీదుగా పోయింది. దాని నీడ మడి మీద పడి జరిగిపోయింది. అత్త నా వైపు చూసింది. ఏదో చెడిపోయి ఉంటుందని చెప్పి కంబానికి పరిగెత్తాను.

వరస తెరిచి చూస్తే 345 లేదు. ఆ చోట పన్నెండు ఉంది. పన్నెండులో చెక్కే లేదు. అక్కడ ఉన్నది కేశవులు బీడు.

కంబం తెరిచే తాళంచెవులు రెండే. ఒకటి నాది.

"నువ్వు తీశావా మామా?"

దస్తగిరి మామ పనిముట్లు సర్దుతూ, "కేశవులు చెప్పినాడు," అన్నాడు.

"గట్టు తడిపిన మాట కదా."

"నన్ను అడగొద్దు నాంచారీ. పోయి కూడలిలో అడుగు. మీ యన్న కూడా ఆడనే ఉండాడు."

కూడలిలో అన్నయ్య లేడు, అప్పుడే వెళ్ళాడన్నారు. కేశవులు ఉన్నాడు. కోపం లేకుండానే మాట్లాడాడు. నన్ను కూర్చోమన్నాడు కూడా.

"గట్టు మీద ఏ నీళ్ళు పడినాయి?" అన్నాడు.

"మీవి, మావి."

"మావి పడినాయి. మీవి యాడ పడినాయి? మీ యన్న పోసింది కంబం నీళ్ళు. పట్టిచ్చింది నువ్వే కదమ్మే. కంబం నీళ్ళు ఏ చెక్కవీ కావు. పోసిన మనిషికి, నాకు మధ్య మాట అది. మీ యన్నకు నేనిచ్చిన మాట నేను తప్పలా. పన్నెండులో చెక్క ఇచ్చినా."

"అందరి ముందూ 345 అన్నారు. రెండు చుట్లు ఆపారు కూడా."

"మీ యన్న అన్యాడు. నేను సరే గట్టు తడుపుదాం అన్యా. గట్టు ఎట్ల తడిస్తే అట్ల. బీడు దున్నేదానికి రెండు చుట్లు పట్టింది. అందాక ఆడ ఆగితే మాకేం పోయిందని ఊరుకున్యా," అన్నాడు.

అక్కడున్న వాళ్ళెవరూ ఈసారి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

చుట్టు 617. చెయ్యి 30లో.

అన్నయ్య ఇంటి ముందు బండి ఉంది. మంచాలు, కుండలు ఎక్కించి తాడు కడుతున్నాడు. సత్తెమ్మ వదిన కోళ్ళను గంప కింద మూస్తోంది. పిల్లలు ముగ్గురూ అప్పుడే బండెక్కి కూర్చున్నారు.

"పన్నెండులోకా?" అన్నాను.

"అవును." తాడు ముడి వదల్లేదు. "చూడు చెల్లాయ్. ఆరిళ్ళకీ అడిగితే ఎవరికీ ఇచ్చేవాళ్ళు కాదు. ఒక ఇంటికి అడిగాను. ఇచ్చారు."

"మా మీద ఆగాలని అందరి ముందూ అన్నావు."

"అనకపోతే నువ్వు చేసేదానివా?"

చేసేదాన్ని కాదు. అది తనకు తెలుసు.

"నీకూ చోటు చూశాను," అన్నాడు. "వసారాలో గది వేస్తాను. కంబానికి దగ్గర. రాళ్ళలో ఎన్నాళ్ళుంటావు? నాన్న పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఏం మిగిలింది?"

"ఆ రోజు కుండ అడుగంటిందన్నావు."

తాడు ఇంకో మెలిక వేశాడు.

వదిన కోడిపెట్టను పట్టుకుని లేచింది. నా వైపు చూడకుండానే చెప్పింది. "కుండలో సగానికి పైగా ఉన్నాయి. చెంబు నింపి నేనే చేతికిచ్చాను. వాకిట్లో పారబోసి ఖాళీ చెంబు పట్టుకెళ్ళాడు."

"నోర్ముయ్యవే," అన్నాడు అన్నయ్య.

"పిల్లలు చూశారు," అంది వదిన. "తాగే నీళ్ళు పారబోశాడేంటమ్మా అని అడిగారు."

వాళ్ళ వాకిలి చూశాను. ఎప్పటి తడి, ఎప్పుడో ఆరిపోయింది. ఏమీ కనపడదు. చెంబు నింపి ఇచ్చిన చెయ్యి మాత్రం నాదే. ఆ కుళాయి ఎటు తిప్పితే వస్తుందో అన్నయ్యకు తెలుసు. అయినా నన్నే పట్టియ్యమన్నాడు.

బండి వెళ్ళేటప్పుడు ఎవరూ బయటికి రాలేదు.

చుట్టు 618. చెయ్యి 346లో.

ఆగలేదు. వడగాలి తగ్గలేదు. మా ఇళ్ళలో తాగే నీళ్ళు కంబం నుంచి బిందెలతో మోస్తున్నాం. మడికి మోసేంత దూరం కాదు. మోసి చూశాను. పోసిన బిందె ఎక్కడ పోశానో తిరిగి చూసేసరికి కనపడలేదు.

వెంకాయమ్మ వదిన దారిలో ఎదురైంది. "నీ చెయ్యి భలే తిరిగింది నాంచారీ," అంది. "ఎక్కడా ఆగకుండా తిరిగింది." బిందె దించి ఏడ్చింది. నేను బిందె ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను. ఇంకేం చేయగలను.

నారు కొసలు పసుపు పచ్చగా అయ్యాయి. చల్లమంది నువ్వే కదా అని అంటుందేమోనని రెండు పూటలు అత్త దగ్గర కూర్చున్నాను. అనలేదు.

చుట్టు 620. చెయ్యి 200లో.

గాలి లేదు. కంబానికి వెళ్ళాను. నా తాళం పనిచేయలేదు. మార్చారు.

దస్తగిరి మామ లోపలి నుంచి తలుపు తీశాడు. ఆయన గడ్డం గీసుకోలేదు.

"ఆ దినం నువ్వు చెంబు పట్టిస్తాంటే చెప్పాల్సింది," అన్నాడు. "మీ యన్న చెప్పొద్దని సైగ చేసినాడు. అన్నాచెల్లెళ్ళ సంగతి, నాకెందుకులే అనుకున్యా."

"అప్పటికే నీకు తెలుసా మామా? పన్నెండు సంగతి."

"తెలుసు," అన్నాడు.

నేను వెళ్ళబోయాను. ఆయన కొత్త తాళం జేబులోంచి తీసి స్టూలు మీద పెట్టాడు. "పాత ప్రోగ్రామ్ తుడిచేయలా. అట్లనే పెట్టినా. అది ఎక్కిస్తే మళ్ళా వెనక్కి తిరుగుతాది. కేశవులు కనుక్కునే తలికి ఎన్ని చుట్లయినా పట్టచ్చు. నేను మెడ చూసొస్తా." నిచ్చెన ఎక్కాడు. వీపు నా వైపు పెట్టి అక్కడే నిలబడ్డాడు.

స్టూలు దగ్గరికి వెళ్ళాను. స్క్రీన్ మీద నేను రాసిన రెండు వరసలూ ఉన్నాయి. ఎక్కువైతే 360 తీసేయి, తక్కువైతే 360 కలుపు. వాటిలో తప్పు లేదు.

"నారు పోయింది మామా," అన్నాను. "మొన్ననే పీకి చూశాం. వేరు నలిపితే పొడి అయ్యింది. ఇప్పుడు నీళ్ళు జారినా తాగేది ఏదీ లేదు."

ఆయన కిందికి చూడలేదు. నేను తాళం ముట్టుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త విత్తనం కుండ కడిగి ఎండలో బోర్లించింది. చెంగున ముడి విప్పి, ఆ గట్టు మట్టిని వాకిట్లో దులిపేసింది.

"తూర్పున ఉప్పు మళ్ళ దగ్గర పని ఉందంటున్నారు," అంది.

"నువ్వు నడవగలవా?"

"వచ్చేటప్పుడు నడవలేదా?"

చుట్టు 621. చెయ్యి 355లో.

పొద్దున్నే గాలి మొదలైంది. తూర్పు నుంచి. మెడకు గ్రీజు పెట్టే పని ఇప్పుడు నాది కాదు. నీళ్ళు మోశాను, ఊడ్చాను, కుండ గోనెలో కట్టాను. కడ చెక్కలో ఎవరు ఎప్పుడు వెళ్ళిందీ ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇది రాసి పెడుతున్నాను.

తాతారావు, సత్తెమ్మ, పిల్లలు ముగ్గురు. పన్నెండు చెక్కకు. 617లో, చెయ్యి 40లో ఉండగా.

వెంకాయమ్మ, ఆమె పెనిమిటి. ఉత్తరపు బాటన. 619లో, చెయ్యి 8లో ఉండగా.

మిగతా మూడిళ్ళ వాళ్ళు. వాళ్ళ వెనకే, అదే చుట్టులో, చెయ్యి 70 దాటాక.

పెద్దింట్లు, నాంచారి. తూర్పు బాటన. 621 చివర, చెయ్యి సున్న గట్టు దాటగానే.